మోకాటి కట్టు: వాపు తీయుట వేరు, కీలు కుదురుట వేరు

నిజామాబాదు జిల్లాలో శ్రీరాంసాగర్ జలాశయపు నీరు వ్యాపించిన మేరకు చేరువగా దొంకేశ్వర్ ఉన్నది. చిరకాలము నందిపేట మండలములో ఒక గ్రామముగా ఉండి, 2022లో మండల కేంద్రమైనది. ఆర్మూరు ప్రాంతమంతటివలె ఇచ్చటను పసుపు ముఖ్యమైన పంట. తొలకరిలో బోదెలపై నాటిన పసుపు, చలికాలము గడచునప్పటికి తవ్వకమునకు వచ్చును. తవ్వుట, ఏరుట, ఉడుకబెట్టుట, ఆరబోయుట, మెరుగు పెట్టుట - ఈ పనులన్నింటిలోను మనిషి గంటల తరబడి వంగియు, గొంతుకూర్చుండియు, బరువులు మోసియు పాటుపడవలెను. తడిసిన బోదెలో పాదము దిగబడి కదలక నిలచిపోగా, నెత్తిన తట్టతో దేహము ఒక వైపునకు తిరిగినచో ఆ మెలి యంతయు మోకాటిపై పడును.

అట్టి సమయమున ఇంటివారు "మోకాలు బెణికినది" అందురు. "నరము తప్పినది" అనియు అందురు. తరువాత జరుగు చికిత్స అందరెరిగినదే. పసుపు, సున్నము కలిపి వెచ్చచేసి పట్టు వేయుదురు. పైన గుడ్డతో కట్టు కట్టుదురు. వారము పది దినములలో వాపు తీయును. మనిషి మరల పనిలోనికి దిగును.

చాలమందికి కథ అంతటితో ముగియును. కొందరికి మాత్రము అక్కడనే ఆరంభమగును. గట్టు దిగునపుడో, గబుక్కున వెనుకకు తిరిగినపుడో మోకాలు హఠాత్తుగా పట్టు తప్పి జారిపోవును. మరల వాపు, మరల పట్టు, మరల కొన్ని దినముల కూలి నష్టము. ఏడాది తిరుగునప్పటికి "వీని మోకాలు ఇంతే" అని అందరు సరిపెట్టుకొందురు. మొదటి తెగవారికిని రెండవ తెగవారికిని భేదమేమి? పైకి వాపు ఒకే తీరుగా ఉన్నపుడు లోపల జరిగిన హాని ఒకటేనా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము కనుగొనుటకు వైద్యులకు రెండువేల యేండ్లకు తక్కువ పట్టలేదు.

కీలును బిగించిన నాలుగు కట్లు

తొడ ఎముక అడుగు భాగము రెండు గుండ్రని బుడిపెలుగా ఉండును. దాని క్రింద నున్న జంఘాస్థి పైభాగము ఇంచుమించు చదునైనది. గుండ్రని వస్తువును చదునైన దానిపై నిలిపినచో అది దొర్లక మానదు. తుంటి కీలులో బంతి గిన్నెలో ఇమిడినట్లు ఎముకలు ఒకదానిలో ఒకటి ఇమిడియుండును. మోకాటికి ఆ అనుకూలత లేదు. కనుక మోకాటి స్థిరత్వమునకు ఎముకల ఆకారము కంటె, వానిని బిగించి యుంచు కట్లే ముఖ్యమైన ఆధారము. ఈ కట్లనే సంధిబంధనములు, లేక లిగమెంట్లు అందురు.

ఇవి ముఖ్యముగా నాలుగు. మోకాటికి లోపలి ప్రక్క ఒకటి, వెలుపలి ప్రక్క ఒకటి ఉండి కీలును ప్రక్కలకు విరుచుకొని పోనీయవు. తక్కిన రెండు కీలు నడుమ గుణకారపు గుర్తువలె ఒకదాని నొకటి దాటుచు పోవును. ఇవి అడ్డు బంధనములు. వీనిలో ముందరిది జంఘాస్థి ముందునకు జారకుండను, మెలి తిరుగకుండను కాపాడును. వెనుకటిది వెనుకకు జారనీయదు. ముందరి అడ్డు బంధనమునే వైద్యులు ఎ.సి.ఎల్. అని పిలుచుచున్నారు. దీని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే. అయినను యౌవనములో ఉన్న మనిషిలో ఇది తెగుటకు దాదాపు 220 కిలోగ్రాముల బరువుకు సమానమైన లాగుడు కావలెనని ప్రయోగశాలలలో కొలిచి తెలిసికొనిరి. రెండెముకల నడుమ మెత్తవలె నెలవంక ఆకారముగల మృదులాస్థులు రెండున్నవి. కట్టు తెగి ఎముకలు జారుచున్నపుడు క్రమముగా నలిగి చీలిపోవునవి ఇవియే.

నరమా? కట్టా?

తెలుగులో నరమను మాట చాల పనులు చేయును. రక్తము పారునది నరమే; నొప్పి తెలుపునది నరమే; కండను ఎముకకు కట్టునదియు నరమే. ప్రాచీన గ్రీకు భాషలో న్యూరాన్ అను మాట స్థితియు ఇట్లే ఉండెడిది. మాటలు కలసిపోయిన చోట భావములును కలసిపోవును. క్రీస్తుశకము రెండవ శతాబ్దములో గాలెను అను వైద్యుడు పెర్గమము నగరమున గ్లాడియేటరు యోధులకు చికిత్స చేయుచు తెరచుకొనిన గాయములను ప్రత్యక్షముగా చూచెను. కీళ్లను నిలుపు కట్లు నాడులు కావనియు, వాని పని ఎముకలను కుదురుగా ఉంచుటయే యనియు అతడు వివరించెను.

మన దేశమున సుశ్రుతసంహిత ఈ విషయమును మిక్కిలి శ్రద్ధతో చర్చించినది. కీళ్లను బంధించు స్నాయువులను సుశ్రుతుడు పడవ పలకలను బిగించు కట్లతో పోల్చెను. కట్లు గట్టిగా ఉన్నంతవరకే పడవ బరువు మోయును. మోకాటిని అతడు జానుమర్మమని పేర్కొని, అచ్చట దెబ్బ తగిలిన మనిషి కుంటివాడగునని హెచ్చరించెను. ఎముక విరుగుటను, కీలు తప్పుటను వేరువేరుగా విభజించి చెప్పెను. చెట్ల బెరడును బద్దలుగా ఉపయోగించు పద్ధతిని వర్ణించెను.

అంతకంటె ముఖ్యమైనవి రెండు విషయములు ఆ గ్రంథమున కలవు. కట్టు వదులైనచో కీలు కుదురుకొనదు. మితిమీరి బిగించినచో చర్మము వాచి, నొప్పి పుట్టి, చీము పట్టును. అందుచేత ఋతువును బట్టి కొన్ని దినముల కొకసారి కట్టు విప్పి కట్టవలెనని నియమము పెట్టెను. రెండవది, అరచేయి దెబ్బతిని మానుచున్నవాడు మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పురాతిని, ఆ తరువాత రాతిని పట్టుకొని బలము పెంచుకొనవలెనని చెప్పెను. నేడు ఫిజియోథెరపీ అని పిలుచుచున్న వ్యాయామ చికిత్సకు మూలసూత్రము ఇదియే. కదలికను, బరువును క్రమక్రమముగా పెంచవలెను.

ఐనను ప్రాచీనుల కొక హద్దు ఉండెను. మూసియున్న మోకాటిలో ఏ కట్టు తెగినదో పైనుండి తెలిసికొను ఉపాయము వారికి లేదు.

చేతితో చూచిన వైద్యులు

ఈ ఉపాయము పందొమ్మిదవ శతాబ్దములో ఐరోపాలో రూపొందినది. 1836లో జర్మనీలో వెబర్ సోదరులు మానవుని నడక యంత్రరచనపై ఒక గ్రంథము ప్రకటించిరి. ముందరి అడ్డు బంధనమును కోసినచో జంఘాస్థి తన హద్దు దాటి ముందునకు జరుగునని వారు చూపిరి. 1845లో ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యుడు అమెదె బొన్నె కీళ్ల వ్యాధులపై వ్రాయుచు, బంధనము తెగుటకు మూడు గుర్తులు చెప్పెను. దెబ్బ తగిలిన క్షణమున లోపల చప్పుడగుట, కీలులో రక్తము నిండి వాచుట, కాలు పనికి రాకపోవుట - ఇవియే ఆ మూడు గుర్తులు. చాల కాలము కదలక కట్టివేసినచో కీలు చెడునని కూడ అతడు గ్రహించెను.

1875లో జార్జి నూలిస్ అను గ్రీకు యువకుడు పారిస్ నగరమున మోకాటి బెణుకుపై సిద్ధాంతవ్యాసము సమర్పించెను. మోకాటిని కొద్దిగా మాత్రము వంచి, ఒక చేత తొడను పట్టి, మరొక చేత జంఘను ముందునకు లాగినచో ముందరి బంధనపు స్థితి తెలియునని అతడు వ్రాసెను. ఆ వ్యాసము మరుగున పడినది. దాదాపు నూరేండ్ల తరువాత, 1976లో, ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ లాక్మన్ నేర్పుచుండిన ఇదే పరీక్షను టోర్గ్, అతని సహచరులు ప్రకటించిరి. నేడు ప్రపంచమంతట లాక్మన్ పరీక్ష యని వ్యవహరింపబడుచున్నది ఇదియే. దీనికి యంత్రము అక్కరలేదు. రెండు చేతులు, బాగుగా ఉన్న రెండవ మోకాటితో పోల్చిచూచు ఓర్పు చాలును.

మొదటి రోగి గని కూలీ

మోకాటి బంధనము తెగుట ఆటగాండ్ర జబ్బని నేడు చాలమంది తలపోయుదురు. చరిత్ర వేరుగా చెప్పుచున్నది. 1895లో ఇంగ్లాండులోని లీడ్స్ నగరమున మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుడు తెగిన అడ్డు బంధనములను కుట్టెను. ఇట్టి చికిత్సలలో నమోదైన మొట్టమొదటిది ఇదియే. ఆ రోగి 41 ఏండ్ల బొగ్గుగని కార్మికుడు. గనిలో మట్టిపెళ్లలు కూలి అతని మోకాలు దెబ్బతినెను. నెలల తరబడి వాపు తీసినను కాలు నిలువలేదు. చికిత్స జరిగిన ఆరేండ్ల తరువాత అతడు చక్కగా నడచుచు, పని చేసికొనుచుండెను. ఈ వృత్తాంతము 1903లో ప్రకటితమైనది.

ఇట్టి చికిత్స అంతకు పూర్వము సాధ్యము కాకపోవుటకు కారణములున్నవి. మోకాటిని తెరచిన చీము పట్టి ప్రాణము మీదికి వచ్చెడిది. 1867లో లిస్టరు క్రిమినాశక పద్ధతిని ప్రకటించిన తరువాతనే ఆ భయము తగ్గినది. మత్తుమందును భద్రముగా ఇచ్చు విధానమును గూర్చి 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులో జరిగిన క్లోరోఫారం కమిషన్ పరిశోధనలు ప్రపంచమున చర్చకు వచ్చినవి.

అదే 1895లో రాంట్జెన్ ఎక్సు కిరణములను కనుగొనెను. ఎముక విరిగినదీ లేనిదీ చూచుటకు మార్గమేర్పడినది. కాని దీనినుండి ఒక పొరపాటు కూడ పుట్టినది. ఎక్సురే పటములో ఎముకయే కనబడును, బంధనము కనబడదు. "ఫొటోలో ఏమియు లేదు" అన్నంత మాత్రమున మోకాలు బాగున్నదని తలచుట నేటికిని జరుగుచున్నది.

కుట్టుట నుండి క్రొత్త కట్టు వేయుట వరకు

తెగిన కొసలను కుట్టినను అవి తరచు మరల విడిపోవుట వైద్యులు గమనించిరి. మోకాటి నడుమ నున్న బంధనము కీలులోని ద్రవములో ఉండును. తెగిన చోట రక్తము గడ్డకట్టి అతుకు వేయుట కష్టము. కనుక 1917లో బ్రిస్టల్ నగరపు హే గ్రోవ్స్ తొడ ప్రక్కనుండి తీసిన పట్టీని ఎముకలలో తొలిచిన రంధ్రముల గుండ పోనిచ్చి, దానిని క్రొత్త బంధనముగా నిలిపెను. 1938లో స్వీడను వైద్యుడు ఐవార్ పామర్ ఈ గాయములన్నింటిని సమగ్రముగా పరిశీలించి గ్రంథము వ్రాసెను. 1963లో కెన్నెత్ జోన్స్ మోకాటిచిప్ప క్రింది స్నాయువు నడిమి భాగమును వాడెను. నేడు తొడ వెనుక కండరముల స్నాయువులను కూడ విరివిగా ఉపయోగించుచున్నారు.

కీలును పూర్తిగా తెరువకుండ చూచు సాధనము జపానునుండి వచ్చినది. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయమును చూచు గొట్టముతో మృతదేహపు మోకాటిలోనికి చూచెను. అతని శిష్యుడు మసాకి వతనబె 1962లో అట్టి గొట్టము ద్వారా చిరిగిన మృదులాస్థి భాగమును తొలగించెను. ఆర్థ్రోస్కోపు అను ఈ సాధనముతో 1980 తరువాత బంధనము అమర్చుటయు సాధ్యమైనది. అయస్కాంత అనునాద చిత్రణము, అనగా ఎం.ఆర్.ఐ., తెగిన బంధనమును పటములో చూపుచున్నది. ఆ విద్యకు పునాది వేసిన లాటర్బర్, మాన్స్‌ఫీల్డ్ అను వారికి 2003లో నోబెల్ బహుమతి లభించినది.

కట్టు వైద్యులు

ఈ అభివృద్ధి జరుగుచున్నంత కాలము పల్లెలలో కట్టు వైద్యమే దిక్కుగా ఉండెను. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు తెలుగుదేశముననే గాక పొరుగు రాష్ట్రములలోను ప్రసిద్ధి కెక్కినది. కట్టు వైద్యమును పూర్తిగా తీసివేయుట న్యాయము కాదు. లివర్‌పూల్ నగరమున ఆధునిక ఎముకల వైద్యమునకు దారి చూపిన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) వేల్సు దేశపు కట్టు వైద్యుల వంశమున పుట్టి, పిదప వైద్యకళాశాలలో చదివినవాడే. విరిగిన తొడకు వాడు థామస్ బద్ద అతని పేరిటనే ఉన్నది. కట్టులోని నేర్పునకు శరీరశాస్త్ర జ్ఞానము తోడగుటయే అతని విశేషము.

మోకాటి విషయమున కట్టు వలన మేలు కలుగు సందర్భము నిజముగా ఉన్నది. లోపలి ప్రక్క బంధనము కీలు వెలుపల ఉండుటచే దానికి రక్తప్రసారము చక్కగా నుండును. అది ఒంటిగా తెగినపుడు శస్త్రచికిత్స లేకయే తగిన ఆధారముతో అతుకునని 1983లో ఇండెలికాటో ప్రకటించిన పరిశీలన చూపినది. దెబ్బతిన్నవారిలో చాలమంది వారము పది దినములలో తేరుకొనుటకు కారణము ఇదియే: వారిలో బంధనము సాగినది, లేక కొంత చీలినది, పూర్తిగా తెగలేదు. ముందరి అడ్డు బంధనము తెగినవారికి మాత్రము కట్టు వాపును తీయును గాని, పట్టును తిరిగి ఇచ్చునన్న నమ్మకము లేదు.

శస్త్రచికిత్స అందరికిని అవసరమా?

తెలుగువారిలో ఈ గాయమునకు మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము పుల్లెల గోపీచంద్. 1994లో జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుచుండగా ఆయన మోకాటి ముందరి బంధనము తెగినది. పలుమార్లు శస్త్రచికిత్స జరిగినది. ఏండ్ల తరబడి వ్యాయామము చేసి, 2001 మార్చిలో ఆలిండియా గర్వింపదగు ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటను విజయము సాధించెను. గెంతి, మలుపు తిరిగి ఆడువారికి బంధనము ఎంత అవసరమో, చికిత్స తరువాతి సాధన ఎంత అవసరమో ఈ ఒక్క చరిత్ర తెలుపుచున్నది.

ఐనను బంధనము తెగిన ప్రతివారికి కత్తి అవసరము లేదు. స్వీడనులో 121 మంది యువతీయువకులపై జరిగిన పరిశీలన ఫలితములు 2010లో ప్రకటితమైనవి. సగము మందికి వెంటనే శస్త్రచికిత్స చేసి వ్యాయామము నేర్పిరి. తక్కినవారికి మొదట వ్యాయామము మాత్రమే నేర్పి, కాలు నిలువనివారికి తరువాత శస్త్రచికిత్స చేసిరి. రెండేండ్ల తరువాత ఈ రెండు తెగలకు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. రెండవ తెగలోని 59 మందిలో 29 మందికి ఐదేండ్లలోను శస్త్రచికిత్స అవసరమే కాలేదు. కొందరిలో తెగిన బంధనము తనంతట కొంత అతుకుచున్నట్లు ఇటీవలి ఎం.ఆర్.ఐ. పరిశీలనలు చూపుచున్నవి. కనుక నిర్ణయము మనిషి చేయు పనిని బట్టియు, మోకాలు జారుటను బట్టియు ఉండవలెను.

గుర్తించుట, మొదటి చికిత్స

రెండువేల యేండ్ల అనుభవమును సంగ్రహించిన, ఇంటివారు అడుగవలసిన ప్రశ్నలు కొన్నియే. దెబ్బ తగిలినపుడు లోపల "టప్పు"మని చప్పుడైనదా? వాపు రెండు మూడు గంటలలోనే వచ్చినదా, మరునాటికి వచ్చినదా? త్వరగా వచ్చిన వాపు సాధారణముగా రక్తము వలన కలుగును. అది బంధనము తెగినదనుటకు బలమైన సూచన. మోకాలు చాపుటకు వీలులేక మధ్యలో చిక్కుకొనుచున్నదా? అట్లయిన మృదులాస్థి చీలి అడ్డుపడి యుండవచ్చును. కబడ్డి కూతకు పోయినవాని కాలు పట్టి గుంజినపుడైనను, బోదెలో పాదము చిక్కినపుడైనను ప్రశ్నలు ఇవియే.

నాలుగడుగులు వేయలేనివానికి, మోకాటిని లంబకోణము వరకు వంచలేనివానికి, చిప్పపై గాని కాలి వెలుపలి సన్నని ఎముక తలపై గాని నొక్కిన నొప్పి యున్నవానికి, 55 ఏండ్లు నిండినవానికి ఎక్సురే తీయవలెనని కెనడా వైద్యులు 1995లో ఒట్టావా నియమములను ప్రకటించిరి. పాదము చల్లబడినను, తిమ్మిరెక్కినను, కీలు వంకర తిరిగినను ఒక్క గడియ ఆలసింపక పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. మోకాటి వెనుకనున్న రక్తనాళము దెబ్బతిని యుండవచ్చును. కట్టు కట్టిన పిదప వ్రేళ్లు నీలి రంగు దాల్చినచో వెంటనే కట్టు విప్పవలెను. ఈ మాట సుశ్రుతుని కాలమునుండి మారలేదు.

మొదటి రెండు మూడు దినములు విశ్రాంతి, కాలు ఎత్తుగా నుంచుట, మితమైన కట్టు, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను కొద్దిసేపు ఉంచుట నొప్పిని తగ్గించును. గట్టిగా మర్దన చేయుట, కీలు లాగి సరిచేయ చూచుట కూడదు. నొప్పి తగ్గగానే తొడ కండరములను బిగించుట, కాలు మెల్లగా వంచి చాపుట ఆరంభింపవలెను. బంధనము తెగిన మోకాటికి బలమైన తొడ కండయే రెండవ కాపు.

ఇక పసుపు పట్టు సంగతి. పసుపులోని రంగు పదార్థమైన కర్క్యుమినును 1815లో వోగెల్, పెల్టియే అనువారు వేరుచేసిరి. దాని గుణములపై పరిశోధనలు ఎన్నియో జరిగినవి. వెచ్చని పట్టు ఉపశమనము నిచ్చినను, చర్మముపై పూసిన పసుపు కీలు నడుమ తెగిన బంధనమును అతుకునని ఏ పరిశోధనయు నిరూపింపలేదు. సున్నము ఎక్కువైనచో చర్మము పొక్కును కూడ.

దొంకేశ్వర్ రైతు పొలములో పసుపు ఆకు పండి ఎండినంత మాత్రమున తవ్వకము ముగిసినట్లు కాదు. నేల లోపల దుంప ఎట్లున్నదో తీసి చూచుకొనును. మోకాటి విషయమునను పైచూపు చాలదు. వాపు తీసిన మూడవ వారమున "నొప్పి తగ్గినదా?" అని అడుగుటతో ఆపక, "గట్టు దిగునపుడు మోకాలు జారుచున్నదా?" అని కూడ అడుగవలెను. జారుచున్నదని సమాధానము వచ్చినచో ఎముకల వైద్యునకు చూపవలెను. ఆలస్యమైనకొలది నలుగునది మృదులాస్థి. అది అరిగిన మోకాటికి పూర్వపు బలము రాదు. కాళ్ల కష్టముపై బ్రదుకు ఇంటికి ఆ ఒక్క ప్రశ్న ఒక పంటకాలపు కూలి కంటె విలువైనది.